కోళ్ళ కొట్టంలో దీపం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా మరదలు ఫోన్ చేసింది. ఆర్.ఎస్. పురంలో మా వంటగదిలో పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నాను. తమ్ముడు పోయినప్పటి నుంచి ఫోన్ మోగితే ముందు గడియారం చూస్తాను. అది వేళకాని వేళేమీ కాదు. పెరియకుళం దగ్గర తోటలో ఆమె రోజూ ఆ సమయానికే కోళ్ళ కొట్టం తలుపు తీస్తుంది.

"వొదినా, ఒక కోడి చచ్చిపొయింది," అంది.

"కుక్క పట్టిందా?"

"కుక్క లేదు, పిల్లి లేదు. కోళ్ళే. కోళ్ళే పొడిచి చంపేసినాయి. ఇంకా కొన్నిటికి తోక మొదట్లో నెత్తురు కారతా ఉండాది. వాటిని గంపల కింద మూసినాను." గొంతు తగ్గించింది. "బావకి చెప్పొద్దు వొదినా."

ఆ ఒక్క మాట కోసమే ఆమె ఫోన్ చేసిందని నాకు తెలిసింది. ఆమె బావ అంటే మా అన్న. ఆ మాట వెనక ఏముందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా తమ్ముడు మాసి నెలలో, అంటే ఫిబ్రవరి ఆఖరుకు, ఒక మధ్యాహ్నం కోళ్ళ కొట్టం చివర ఉన్న చిన్న గదిలో నులకమంచం మీద పడుకుని మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయింది. మదురై ఆసుపత్రి దాకా తీసుకువెళ్ళే అవసరం కూడా రాలేదు. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయడం నాకు ఇష్టం లేదు.

మామిడి తోటను మేము ఏటా పూత మీదే కాంట్రాక్టుకు ఇచ్చేస్తాం. మందు కొట్టడం నుంచి కాయ కోయడం దాకా అంతా తీసుకున్నవాళ్ళే చూసుకుంటారు. తోటకు ఇంటి మనిషి అక్కర్లేదు. కోళ్ళకు కావాలి. తమ్ముడు మదురైలో ఉద్యోగం మానేసి, చెట్ల కింద తిరిగి మేసే నాటుకోళ్ళను పెంచడం మొదలుపెట్టాడు. రెండు వందలకు పైగా అయ్యాయి. గుడ్లు బస్సులో మదురై అంగళ్ళకు వెళ్ళేవి. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దకర్మ అయిన మర్నాడు మా అన్న, మరదలిని మదురై వచ్చేయమన్నాడు. ఆయన ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉంది. తోటలో ఆడమనిషి, తోడుగా ఒక్క ముసలి పిన్నమ్మ, ఎలా ఉంటారని ఆయన బెంగ. ఆయన మంచివాడు. ఆయన చెప్పినదానిలో తప్పేమీ లేదని నేనూ అనుకున్నాను.

మరదలు అందుకు ఒక్క మాటే అంది. "కోళ్ళు ఉండాయి కదా."

పొద్దున్నే తలుపు తీయాలి, సాయంత్రం మూయాలి, నీళ్ళు మార్చాలి. ఆ పని ఉన్నంత కాలం ఆమె అక్కడే ఉంటుంది. కోళ్ళు పోతే ఆ మాట కూడా పోతుంది. అందుకే చచ్చిన కోడి గురించి అన్నకు తెలియకూడదు.

నేను ఆ రోజే పళని మీదుగా బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి తోట చేరాను.

పిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. ఆచారాల విషయంలో మా ఇంట్లో ఆమెదే ఆఖరి మాట. గుమ్మంలోనే ఎదురైంది.

"వచ్చినావా? పో, పోయి చూడు. నేను చూడలేను. ఇంటి మొగోడు పోతే నోరులేనివాటికి గూడా మనసు విరిగిపోతాది. ఒకదాన్నొకటి తింటా ఉండాయి, పావం."

పరామర్శకు వచ్చిన మరి కొందరూ అదే మాట అన్నారట, కోళ్ళు యజమాని కోసం బెంగ పెట్టుకున్నాయని. వినడానికి బాగుంటుంది. నాకు నమ్మకం కుదరలేదు. బెంగ పెట్టుకున్న మనుషులను నేను కొందరిని చూశాను, వాళ్ళు ఎవరి వెంటా పడి పొడవరు.

కొట్టం పొడుగ్గా ఉంటుంది. పెంకుల కప్పు, పక్కలకు ఇనుప వల, లోపల కోళ్ళు ఎక్కి కూర్చోవడానికి అడ్డంగా కట్టిన కర్రలు, నేల మీద వేరుశనగ పొట్టు. చివరన తమ్ముడి గది. గదికీ కొట్టానికీ మధ్య గోడ లేదు, వల మాత్రమే. మంచం మీద నుంచే కోళ్ళు కనబడాలని వాడు అలా కట్టించుకున్నాడు.

నేను ఒక స్టూలు వేసుకుని చాలాసేపు చూశాను. అది కొట్లాట కాదు. కొట్లాటలో రెండు వైపులా కోపం ఉంటుంది, అరుపులు ఉంటాయి. ఇక్కడ ఒక కోడి ఊరికే నిలబడి ఉంటుంది. ఇంకొకటి వెనక నుంచి వచ్చి, గింజ ఏరుకున్నంత మామూలుగా, తోక దగ్గర ఒక ఈక పీకుతుంది. పీకిన ఈకను మింగుతుంది. మొదటిది ఒక అడుగు జరిగి మళ్ళీ నిలబడుతుంది. ఎక్కడైనా ఎర్రగా చుక్క కనబడితే నాలుగు ముక్కులు అక్కడికే వస్తాయి. సగం కోళ్ళకు తోక మొదట్లో చర్మం బయటపడి ఉంది. ఈ పని జరుగుతున్నంత సేపూ చప్పుడే లేదు. నాకు భయం వేసింది దానికే.

"ఎన్ని దినాలుగా?" అని అడిగాను.

"నాకేమి తెలుసు వొదినా? పెద్దకర్మ దాకా నన్ను గది దాటి రానియ్యలేదు కదా," అంది మరదలు. "బయటికి వచ్చి చూసేసరికి ఇట్ల ఉండాయి."

ఆ రోజుల్లో కోళ్ళను చూసుకున్నది ఎవరంటే, అందరూ. అంటే ఎవరూ కాదు. బంధువుల కార్ల కింద పడతాయని వాటిని పగలంతా కొట్టంలోనే మూసి ఉంచారు. వంటవాళ్ళు మిగిలిన అన్నం తెచ్చి ఒకే తొట్టిలో పోసి వెళ్ళారు.

మర్నాడు పెరియకుళం నుంచి పశువుల డాక్టరమ్మ స్కూటరు మీద వచ్చింది. చిన్న వయసు. కొట్టంలోకి వెళ్ళి, ఒక కోడిని చంకలో పెట్టుకుని, తోక ఎత్తి చూస్తూ తమిళంలో అడిగింది, ఈ మధ్య వీటి విషయంలో ఏం మారిందని.

మరదలు నవ్వింది. తమ్ముడు పోయిన తర్వాత నేను చూసిన మొదటి నవ్వు. "ఏమి మారలేదు అని అడగండమ్మా, అది చెప్పేది సులువు."

డాక్టరమ్మకు విషయం అప్పుడు తెలిసింది. ఆమె సానుభూతి మాటలేవీ చెప్పలేదు, కోడిని కింద దింపి చేతులు తుడుచుకుంది. నాకది నచ్చింది. తర్వాత నిదానంగా చెప్పింది. దీనికి ఒక్క కారణం ఉండదు. ఇరుకు, వేడి, పని లేకపోవడం, తిండిలో సత్తువ లేకపోవడం, ఎక్కువ వెలుతురు, వీటిలో ఏ రెండు కలిసినా మొదలవుతుంది. ఒకసారి నెత్తురు రుచి తగిలితే అలవాటుగా మారుతుంది. గాయపడ్డవాటిని వేరు చేయాలి. చిన్న గాయాలకు ఊదారంగు మందు పూయాలి, ఎరుపు కనబడకూడదు. ఎక్కువగా పొడిచేవాటిని గుర్తుపట్టి కొన్నాళ్ళు విడిగా ఉంచాలి. మిగతావాటికి చేతినిండా పని ఇవ్వాలి.

"అప్పటికీ ఆగకపోతే?" అన్నాను.

పెద్ద ఫారాల్లో ముక్కు కొన కాల్చి కోస్తారని చెప్పింది. అయితే నేల గీరి పురుగులు ఏరుకునే కోళ్ళకు ముక్కు కోస్తే అవి ఏం తింటాయని తనే అడిగింది. ఆ పని నేను చెప్పను, మీరూ చేయించకండి అంది. వెళ్ళబోతూ వల అవతలి గదిలోకి చూసింది. అక్కడ పగలు కూడా బల్బు వెలుగుతూ ఉంది.

"ఆ లైటు రాత్రి కూడా ఉంటుందా?"

మేము ముగ్గురం ఆమె ముఖం వైపు చూడలేదు. మరదలు గంప సర్దుతూ, "అది ఆయనది," అంది.

డాక్టరమ్మ తల ఊపి స్కూటరు ఎక్కింది.

మేము పనిలో పడ్డాం. ఆ లైటు మాట ఎత్తకుండా చేయగలిగినదంతా చేశాం. తెల్లవారగానే తలుపులు బార్లా తీసి కోళ్ళను చెట్ల కిందకు వదిలాం. తొట్టిలో పోయడం మానేసి, జొన్నలు, సజ్జలు పొట్టులో చల్లాం, గీరి వెతుక్కునేలా. నీళ్ళ గిన్నెలు నాలుగు మూలలా పెట్టాం. అవిసె ఆకు మండలు కట్టలు కట్టి, కోడి ఎగిరితే అందేంత ఎత్తులో వేలాడదీశాం. కోళ్ళు వరుసగా నిలబడి ఆకు కోసం ఎగురుతుంటే మరదలు గడప మీద కూర్చుని చూసేది. పొడిచేవి ప్రధానంగా మూడని తేలింది. వాటిలో ఒకటి ఇంట్లో అందరికీ ఇష్టమైన తెల్లమెడ పెట్ట. దానిని గంప కింద పెట్టేటప్పుడు మరదలు, "నువ్వా?" అంది.

ఊదామందు పూయడం అయ్యాక పిన్నమ్మ వచ్చి చూసింది. "పెండ్లికూతుళ్ళు మాదిరి ఉండాయి. కాటుక మాత్రం పెట్టాల్సిన చోటు మరిచిపోయినారు," అంది.

తిండి దగ్గర ఆమెతోనే పేచీ వచ్చింది. తమ్ముడు తవుడులో కరువాడు పొడి కలిపేవాడు. కరువాడు అంటే ఎండుచేప. మార్కెట్టులో అమ్ముడుపోని తలలు, తునకలు తెచ్చి ఎండలో మళ్ళీ ఆరబెట్టి దంచేవాడు. డాక్టరమ్మ చెప్పిన సత్తువ అదే. వాడు పోయిన రోజు నుంచి అది ఆగిపోయింది, ఎందుకంటే సంవత్సరీకం దాకా ఇంటి ఆవరణలోకి నీచు రాకూడదని పిన్నమ్మ చెప్పింది. మూట ఎత్తి ఎవరికో ఇచ్చేశారు కూడా.

"పిన్నమ్మా, మనం తినేదానికి కాదు, కోళ్ళకి," అన్నాను.

"గేటు దాటి లోపలికి వస్తాదా లేదా?"

"ఇన్ని కోళ్ళు ఇంటి చుట్టూ తిరగతా ఉంటే, కరువాడు ఒక్కటే నీచా?"

"అవి బతికి ఉండాయి. బతికిండేది నీచు కాదు. బియ్యే చదివినావు, ఇది తెలీదా?"

ఆ పూట కోళ్ళకు ఉత్త జొన్నలే చల్లాను.

రెండు రోజుల తర్వాత ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పెరియకుళం వెళ్ళివచ్చింది. సంచిలోంచి పాత పేపరులో చుట్టిన పొట్లం తీసి, ఇంట్లోకి తేకుండా, కొట్టం బయట రుబ్బురాయి మీద పెట్టింది. వాసన మాకు ముందే వచ్చింది.

"ఏమిది పిన్నమ్మా?" అంది మరదలు, తెలిసీ.

"నాకేమి తెలుసు? బస్సులో ఎవరో మరిచిపొయినారు. పారేసేదానికి మనసు రాలే." పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "దంచి కలుపు. నేను స్నానం చెయ్యాల."

వీటన్నిటితో కొంత మారింది. పగలు పొడవడం చాలా తగ్గింది. కానీ పొద్దున తలుపు తీసేసరికి ఒకటో రెండో కొత్త గాయాలు ఉండేవి. ఇంకొక కోడి చచ్చింది. ఆ సంగతి ఎలాగో మా అన్నకు చేరింది. గుడ్లు తీసుకునే అంగడివాళ్ళు చెప్పి ఉంటారు. ఆదివారం కారులో వచ్చాడు.

మా ఇళ్ళలో తమ్ముడి భార్యతో బావ నేరుగా మాట్లాడడు. ఆమె కూడా మాట్లాడదు. ఒకే గదిలో ఉన్నా మధ్యలో ఇంకొకరు ఉండాలి. అన్న వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. మరదలు తలుపు వెనక నిలబడింది. పిన్నమ్మ గడప మీద వక్క కత్తిరిస్తూ ఉంది.

"పిన్నమ్మా, ఆ పాపతో చెప్పు," అన్నాడు అన్న, గోడ వైపు చూస్తూ. "కోళ్ళని ఇట్ల చావనిచ్చేదానికన్నా ఇచ్చేసేది మేలు. మనిషిని మాట్లాడినాను. వచ్చే బుధవారం బండి వస్తాది."

తలుపు వెనక నుంచి వినిపించింది. "పిన్నమ్మా, బావకి చెప్పండి. తగ్గతా ఉండాది. కొంచం టైమియ్యమనండి."

"టైము ఎన్ని దినాలు అని అడుగు పిన్నమ్మా."

"తెలీదని చెప్పండి పిన్నమ్మా."

పిన్నమ్మ అడకత్తెర కింద పెట్టింది. "ఇద్దరికీ చెవులు బాగానే ఉండాయి కదా? నేనేమి టెలిఫోను కంబమా?"

నాకు నవ్వొచ్చింది. అన్నకూ వచ్చింది, ఆపుకున్నాడు. కానీ బండి మాట వెనక్కి తీసుకోలేదు. వెళ్ళేముందు కారు దాకా వచ్చిన నాతో, "ఆ పిల్ల ఈడ ఒంటిగా ఉంటే నాకు తిండి పోదమ్మా," అన్నాడు. నిజమే చెప్పాడు.

అంటే బుధవారం దాకా ఆమెకు వ్యవధి. ఆ లోపల కోళ్ళు ఒకదాన్నొకటి పొడవడం మానాలి. లేకపోతే ఆమె మదురైలో మేడ మీద గదిలో ఉండాలి.

ఆ సాయంత్రం మేము కోళ్ళను లోపలికి తోలి, వల పక్కన నిలబడి చూశాం. పొద్దు గూకుతున్నకొద్దీ దూరపు చివర ఉన్నవి కర్రలెక్కి ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. గదికి దగ్గరగా ఉన్నవి ఎక్కలేదు. బల్బు వెలుతురు వల గుండా వాటి మీద పడుతూ ఉంది. అవి ఆ వెలుతురులో అటూ ఇటూ నడుస్తున్నాయి. కొన్ని కర్ర ఎక్కి మళ్ళీ దిగాయి. పొట్టులో గింజలు అయిపోయాయి, ఆకు అయిపోయింది. ఏం చేయాలో తెలియక ఒకటి పక్కదాని తోక వైపు చూసింది.

మరదలు నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

ఆ బల్బు అక్కడికి ఎలా వచ్చిందంటే, మాలో ప్రాణం పోయిన చోట దీపం పెడతారు. పెద్దకర్మ దాకా అది వెలుగుతూనే ఉండాలి. తమ్ముడు పోయింది కోళ్ళ కొట్టం గదిలో. చుట్టూ తవుడు మూటలు, పొట్టు, గడ్డి. పక్కనే కోళ్ళ రెక్కల గాలి. అక్కడ నూనె దీపం పెడితే ఆరిపోతుంది, లేదా అంటుకుంటుంది. అందుకని అన్న కరెంటు మనిషిని పిలిపించి బల్బు పెట్టించాడు. కరెంటు పోతే దీపం ఆరినట్టు అవుతుందని దానిని ఇన్వర్టరుకు కలిపించాడు. పిన్నమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, ఇది దీపమే అంది. అందరికీ సమాధానంగానే అనిపించింది.

నూనె దీపమైతే ఆఖరి రోజు నూనె పోయడం మానేస్తారు. అది తనంతట తాను కొండెక్కుతుంది. ఎవరూ ఆర్పనక్కర్లేదు, ఆ మాట కూడా ఎవరూ నోటితో అనరు. బల్బుకు అలాంటి వీలు లేదు. ఎవరో ఒకరు వెళ్ళి స్విచ్చి నొక్కాలి. పెద్దకర్మ నాడు ఎవరూ నొక్కలేదు. మర్నాడూ నొక్కలేదు. తర్వాత అది అలా ఉండిపోయింది.

తమ్ముడికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. తమిళంలో చదువుకున్నాడు. నాకు మా తాత అక్షరాలు నేర్పాడు. అందుకని సాయంత్రాలు నేను ఫోనులో వాడికి ఏదో ఒక పుస్తకం కొన్ని పేజీలు చదివేదాన్ని. వాడు వింటూనే కొట్టం పనులు చేసుకునేవాడు. చీకటి పడగానే, "ఒక్క నిమిషం అక్కా," అనేవాడు. తర్వాత కోళ్ళతో, "పొద్దు గూకింది, పడుకోండి," అనడం, తలుపు గడియ పడడం వినిపించేవి. వాడి గదిలో రాత్రి లైటు ఎప్పుడూ ఉండేది కాదు. కోళ్ళకు నిద్ర చెడుతుందని బీడీ కూడా బయటికి వచ్చి కాల్చేవాడు. ఈ సంగతి మాకు ముగ్గురికీ తెలుసు. తెలిసీ ఆ దీపం వైపు చేయి పోలేదు.

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మరదలు ఎంగిలి కంచాలు ఎత్తుతూ, "పిన్నమ్మా, ఆ గది లైటు..." అని ఆగింది.

పిన్నమ్మ వక్క కత్తిరించడం ఆపింది. "నూనెదయ్యుంటే ఈపాటికి తనే పోయిండును. ఈ కరెంటుకి నూనె అయిపోదు కదా. దీనికి ఎవురన్నా చెప్పాల," అంది.

"మీరు చెప్పండి."

"నేనెట్ల చెప్తాను? వాడిని ఎత్తుకుని తిరిగినదాన్ని. నువ్వు పెండ్లామువి. నువ్వు చెబితే వింటాడు."

ఆ సాయంత్రం మరదలు తల స్నానం చేసింది. ఇంట్లో దేవుడి పటాల దగ్గర చిన్న ప్రమిదలో కొంచెం నూనె పోసి, వత్తి వేసి వెలిగించింది. ఆ తర్వాత కొట్టానికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను, గదిలోకి వెళ్ళలేదు. ఆమె నులకమంచం మీద కాసేపు కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లేచి, దుప్పటి మడిచి, తలుపు పక్కన ఉన్న స్విచ్చి దగ్గర నిలబడింది.

"పొద్దు గూకింది, పడుకోండి," అంది.

కోళ్ళతో అందో, ఎవరితో అందో నేను అడగలేదు.

లైటు పోయింది. బయట ఇంకా కొంచెం వెలుతురు ఉంది, కొండల వైపు. కొట్టంలో ఒక్కసారిగా గొణుగుడు మొదలైంది, బస్సులో సీటు కోసం జరగమని అడిగినట్టు. రెక్కలు కొట్టుకున్న చప్పుడు, గోళ్ళు కర్రకు తగిలిన చప్పుడు. గదికి దగ్గరగా ఉన్నవి కూడా ఎక్కాయి. గొణుగుడు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. మేము గడియ వేసి ఇంటికి నడిచాం. దారిలో మరదలు, "ఇన్ని దినాలూ అవి నిద్రపోలేదు వొదినా," అంది. కాసేపటికి, "నేను గూడా," అంది.

మంగళవారం పొద్దున ఇద్దరం కలిసి తలుపు తీశాం. ఒక్కొక్క కోడినీ బయటికి వస్తుంటే పట్టి తోక చూశాం. పాత గాయాలు ఉన్నాయి. కొత్త నెత్తురు లేదు. మరదలు రెండోసారి మొదటి నుంచి చూద్దామంది. చూశాం. లేదు. పిన్నమ్మ గుమ్మం నుంచి, "ఏమాయె?" అని అరిచింది. "ఏమీ లేదు పిన్నమ్మా!" అని మరదలు అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నేను రుబ్బురాయి మీద కూర్చుండిపోయాను.

బుధవారం అన్న వచ్చాడు. వెనక గూళ్ళు పేర్చిన బండి. దానిని గేటు బయట ఆపి తాను లోపలికి వచ్చాడు. కోళ్ళు మామిడి చెట్ల కింద ఆకులు గీరుతూ ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, తనే ఒక కోడిని పట్టుకున్నాడు. మదురైలో అంగడి తప్ప ఎరగని మనిషి, రెండుసార్లు తప్పించుకుపోయాక గానీ దొరకలేదు. తోక ఎత్తి చూశాడు. పుండు ఎండి నల్లగా ఉంది. ఇంకొకటి పట్టుకుని చూశాడు. కొట్టంలోకి వెళ్ళాడు, వల అవతలికి చూశాడు.

బయటికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, "ఆ లైటు ఎవురు తీసింది?" అన్నాడు.

పెట్టించింది ఆయన. పిన్నమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను.

"నేనే బావా," అంది మరదలు.

పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. అన్న తల ఎత్తాడు. నేలకేసి చూశాడు. తర్వాత ఆమెకే చెప్పాడు, గోడకు కాదు.

"మంచిదమ్మా. నేను వచ్చినప్పుడంతా ఆ స్విచ్చి దాకా పొయినాను. చెయ్యి రాలే."

అంతే. ఆయన గేటు దగ్గరికి వెళ్ళి బండి మనిషితో ఏదో చెప్పి పంపేశాడు. కాఫీ తాగాడు. మేడ మీద గది మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు కారులో గుడ్ల అట్ట పెట్టించుకుని, "పిన్నమ్మా, ఆ పాపతో చెప్పు..." అని మొదలుపెట్టి, తనకే సిగ్గేసినట్టు ఆగి, "వస్తానమ్మా," అన్నాడు.

లైటు ఒక్కటే కారణమని నేను రాయలేను. డాక్టరమ్మను తర్వాత అడిగితే, ఆకు, కరువాడు, చోటు, చీకటి, అన్నీ కలిసి పని చేశాయని, ఏది ఎంతో ఎవరూ విడదీయలేరని చెప్పింది. ఆమె చెప్పిందే సరి. ఈకలు రావడానికి కొన్ని నెలలు పట్టింది. తెల్లమెడ పెట్టను గంప కింద నుంచి తీసి మందలో వదిలినప్పుడు మొదట మిగతావి దానినే పొడిచాయి, మళ్ళీ కొన్నాళ్ళు మూసిపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మామూలుగా తిరుగుతుంది. ఒక కోడికి మాత్రం తోక రాలేదు, అది అలాగే ఉంది, గుడ్లు పెడుతుంది.

పిన్నమ్మకు బస్సులో పొట్లాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మరదలు తోటలోనే ఉంది. సాయంత్రాలు నేను ఆమెకు ఫోన్ చేస్తాను. తమ్ముడి దగ్గర సగంలో ఆగిన పుస్తకం మొదటి నుంచి చదవమంది, చదువుతున్నాను. చీకటి పడేవేళకు, "ఒక్క నిమిషం వొదినా," అంటుంది. ఇంట్లో పటాల దగ్గర ప్రమిద ఆమె వెలిగిస్తే వెలుగుతుంది, నూనె అయిపోతే కొండెక్కుతుంది.

కోళ్ళ కొట్టంలో ఇప్పుడు రాత్రి దీపం పెట్టడం లేదు.